ఊరికే తిరిగే హక్కు ఎవరిది?

తెలంగాణకు పెను ముప్పు వచ్చిపడింది. ఆడవాళ్లు పని లేకుండా బస్సుల్లో తిరుగుతున్నారు. కోఠి నుంచి కొండాపూర్ వెళ్లే 127కె బస్సులో ఒక పెద్దమనిషి ఈ సంగతిని లక్డీకాపూల్ నుంచి మాసాబ్‌ట్యాంక్ దాకా గొంతు తగ్గించకుండా చాటారు. ఆయన తల వెనక "స్త్రీలను గౌరవించడం మన సంప్రదాయం" అని ఆర్టీసీ వారు రాయించిన అక్షరాలున్నాయి. సంప్రదాయానికి హాయిగా తల ఆనించి మరీ మాట్లాడారు.

2023 డిసెంబర్ 9న ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ప్రయాణం ఉచితం చేసిన మహాలక్ష్మి పథకం మొదలైన దగ్గర నుంచి ఈ ఆవేదన వింటూనే ఉన్నాం. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, నగరంలోనైతే ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్. గుర్తింపు కార్డు చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ కొట్టి ఇస్తాడు. బస్సులు చాలడం లేదంటే ఒప్పుకుంటాను. ఆటోవాళ్ల రాబడి పడిపోయిందంటే అది ఆలోచించవలసిన విషయమే. కానీ పెద్దమనిషి బాధ అది కాదు. "పని ఉండి ఎక్కితే ఎవరు కాదంటారండీ? వీళ్లు ఊరికే ఎక్కుతున్నారు!"

ఆయన ఆగ్రహం న్యాయమైనదే. ఊరికే తిరగడం మగవాడికి తాతలనాటి ఆస్తి. ఇరానీ హోటల్లో ఒక్క చాయ్‌తో మూడు గంటలు కూర్చునేది, గల్లీ మలుపులో బండి స్టాండు వేసి దాని మీద సాయంత్రమంతా గడిపేది, ఎక్కడో గొయ్యి తవ్వుతుంటే నిలబడి చూసేది ఎవరు? కొడుకు చెప్పులేసుకుంటుంటే ఎక్కడికిరా అని అడిగితే "బయటికి" అంటాడు. అది పూర్తి చిరునామా. కూతురు అదే మాట అంటే ఎక్కడికి, ఎవరితో, ఎందుకు, ఎన్నింటికి వస్తావు అన్నవి పూర్తయ్యేసరికి ఆఖరి బస్సు డిపోకు చేరుతుంది. తిరిగి ఆడది, తిరగక మగవాడు చెడతారని మనవాళ్లు ఊరికే అన్నారా? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో బజారుకు, ఆసుపత్రికి, ఊరు దాటి బయటికి, ఈ మూడు చోట్లకూ ఒంటరిగా వెళ్లనిచ్చే ఇళ్లలో ఉన్న ఆడవాళ్లు దేశంలో 42 శాతమేనట. మిగతావాళ్లను ఇన్నాళ్లుగా చెడకుండా కాపాడుకొచ్చాం. ఇప్పుడీ జీరో టికెట్ వచ్చి అంతా పాడుచేసింది.

కాబట్టి ప్రభుత్వానికి నాదొక విన్నపం. కోఠి బస్టాపులో వెంటనే కారణాల తనిఖీ కేంద్రం తెరవాలి. సభ్యుల కోసం వెతకనక్కరలేదు. పొద్దుటి నుంచి అక్కడ ఊరికే కూర్చున్న ముగ్గురు మగవాళ్లను తీసుకుంటే సరి. అనుభవం ఉన్నవాళ్లు.

"ఎందుకొచ్చావమ్మా?"

"సుల్తాన్ బజార్లో మ్యాచింగ్ జాకెట్టు గుడ్డ కోసమండీ."

"పాత జాకెట్టుకేమైంది? తిరస్కరించడమైనది. తరవాత?"

"ఉప్పల్లో మా అమ్మను చూడాలి."

"పోయిన నెల చూశావుగా, ఈ నెలలో అమ్మ ఏమైనా మారిందా?"

"మోకాళ్ల నొప్పులు బాబూ, ఉస్మానియాకు."

"ఒక మోకాలా, రెండూనా? రెండూ అయితే మంజూరు. ఒకటే అయితే నడవవచ్చు."

ఇంతలో ఒకావిడ వచ్చి, ట్యాంక్‌బండ్ మీద కాసేపు కూర్చుందామని బయలుదేరానంటుంది. పని? ఏమీ లేదు. అధ్యక్షుడికి చెమటలు పడతాయి. నియమాల పుస్తకంలో దీనికి గడి లేదు. చాయ్ తెప్పిస్తారు, చర్చిస్తారు, మళ్లీ చాయ్ తెప్పిస్తారు. చివరికి ఆయన, "మీ ఇంట్లో మగవాళ్లెవరూ లేరా తల్లీ?" అంటాడు.

"ఉన్నారండీ. మీ పక్కనే. ఆ రెండో సభ్యుడు."

కేంద్రం ఆ పూటకు మూసివేత.

నవ్వులాటకు రాస్తున్నానుగానీ, 2024 ఆగస్టు నాటి గొడవ గుర్తుందా? బస్సులో ఆడవాళ్లు వెల్లుల్లిపాయలు ఒలుచుకుంటున్న వీడియో బయటికొస్తే ఊరంతా విరగబడి నవ్వింది. బస్సుల్లో బ్రేక్ డాన్సులు చేసుకున్నా మాకేమిటని ఒక మాజీ మంత్రి నోరు జారారు. తరవాత విచారం ప్రకటించి, మహిళా కమిషన్ ముందు హాజరయ్యారు.

వాళ్లు ఒలిచింది వెల్లుల్లి! దొరక్క దొరక్క ఒక సీటు దొరికితే, కిటికీ బయటికి చూస్తూ కూర్చోకుండా ఇంటి పనిని సంచిలో పెట్టుకుని వచ్చారు. పని లేకుండా తిరుగుతున్నారని మీరు ఏడ్చేది ఎవరిని చూసి? కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన కాలవినియోగ సర్వేలో జీతం లేని ఇంటి చాకిరీకి ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు పెడుతున్నారని తేలింది. మగవాళ్లు 88. అదీ ఏదో ఒక పని చేసే మగవాళ్ల సగటు. పుల్ల కదపని మహానుభావులు ఆ లెక్కలోకే రారు. పుట్టిన రోజు నుంచి ఇంట్లో జీరో టికెట్ మీద ప్రయాణం చేస్తూ, కంచం ముందుకొచ్చేదాకా సీట్లోంచి లేవనివాడు, ఆమెకు మిగిలిన నలభై రూపాయల బస్సు చార్జీ చూసి కడుపు మండించుకుంటాడా? సిగ్గుండాలి!

ఆ వెల్లుల్లి ఆయన పప్పులోకే. రాత్రి తొమ్మిదింటికి "బయటి" నుంచి వచ్చి, పప్పు చల్లారిపోయిందని మళ్లీ ఆవిడ మీదే అరుస్తాడు.