టైరు గీతలు చూసి ఆయుష్షు చెప్పబడును

ఒడిశాలోని కోరాపుట్ జిల్లాలో అది లేదు, ఇది లేదు అని మనవాళ్లు తరచూ వాపోతుంటారు. టైరు పండితులకు మాత్రం ఏ లోటూ లేదని సవినయంగా మనవి చేసుకుంటున్నాను. జయపురం నుంచి సుంకి దాకా 26వ నంబరు జాతీయ రహదారి మీద మీరు ఎక్కడ బండి ఆపినా సరే, స్టాండు వేసేలోపే ఒకాయన వచ్చి వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చుంటాడు. బొటనవేలి గోరు టైరు గాడిలో పెట్టి, కళ్లు అరమూసి, తీర్పు చెబుతాడు. "గీతలున్నాయి కదేటి బాబూ! ఇంకో పదివేల కిలోమీటర్లు లాగీస్తది."

ఈ గోరు మహిమ తెలియక ప్రభుత్వం వారు పాపం ఒక అంకె పెట్టుకున్నారు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం ద్విచక్ర వాహనం టైరు గాడి లోతు 0.8 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. మీ జేబులోని ఏటీఎం కార్డు మందం దాదాపు అంతే. తగ్గిందో లేదో కంటికి కనపడాలని కంపెనీలు గాడి అడుగున చిన్న దిమ్మలు పోసి, అవి ఎక్కడున్నాయో టైరు పక్కన గుర్తు కూడా వేస్తాయి. చుట్టూ ఉన్న రబ్బరు అరిగి ఆ దిమ్మతో సమానమైతే టైరు పని సరి. మన పండితుడు ఆ దిమ్మను నిమిరి, "ఇది డిజైను బాబూ" అంటాడు.

ఈ గోటి కింద అన్ని టైర్లకూ ఒకటే న్యాయం గానీ, స్పోర్ట్ టూరింగ్ టైరుకు జరిగే అవమానం చూస్తే కడుపు తరుక్కుపోతుంది. రేసు టైరు రోడ్డును గట్టిగా పట్టుకుంటుంది, ఎంతోకాలం ఉండదు. టూరింగ్ టైరు చాలాకాలం ఉంటుంది, మలుపులో మొహమాటపడుతుంది. ఈ రెండింటికీ సంధి కుదర్చడానికి ఇంజనీర్లు తలలు పట్టుకుని కూర్చుని, చాలా మోడళ్లలో నడుమ గట్టి రబ్బరు, అంచుల్లో మెత్తటి రబ్బరు పోశారు. తడిలో పట్టు కోసం సిలికా కలిపారు. నీళ్లు బయటికి పోవడానికి గాడి ఏ వాలులో ఉండాలో లెక్కలు వేశారు. పెద్ద బండికైతే వెనక టైరు ఒక్కటే పదివేలు దాటుతుంది. ఇంత చదువూ, ఇంత డబ్బూ చివరికి సుంకి టీ కొట్టు ముందు ఒక గోటికి లొంగిపోతాయి.

ఆదివారం పూట విశాఖ నుంచి దేవమాలి కొండ చూడ్డానికి వచ్చే వీరుల్నే తీసుకోండి. నాతవలస దాకా వెడల్పాటి పెద్ద రోడ్డు, అక్కణ్ణుంచి విజయనగరం మీదుగా సాలూరు దాకా పెద్దగా ఒంపుల్లేని దారి. బండి నిటారుగా ఉంటుంది, అరుగుదలంతా టైరు నడుమకే. గుండ్రంగా పుట్టిన టైరు కొన్నాళ్లకు నడుమ చదునై, పక్కల్లో మెట్టు కడుతుంది. గాలి మరీ ఎక్కువ కొట్టిస్తే ఆ ముచ్చట ఇంకా త్వరగా తీరుతుంది. సాలూరు దాటాక ఘాట్ మొదలవుతుంది. చదును మీద నిలబడ్డ బండిని మలుపులో పడుకోబెట్టబోతే ముందు మొరాయిస్తుంది. మెట్టు దాటగానే ఒక్కసారిగా కూలబడుతుంది.

ఇక ఘాట్ ఎక్కి బండి ఆపిన చోట జరిగే వైద్య శిబిరం చూడండి. వీరుడు హెల్మెట్ తీసి, "బండి తిరగనంటోందండీ, తిరిగితే పడిపోతానంటోంది" అని మొరపెట్టుకుంటాడు. మొదటి పండితుడు హ్యాండిల్ ఊపి చూసి కోన్ సెట్టు, అంటే హ్యాండిల్ తిరిగే బేరింగులు, పోయిందంటాడు. అది విజయనగరంలోనే మార్పించానని వీరుడి జవాబు. రెండో ఆయన ఫోర్కు ఆయిలంటాడు. అదీ సాలూరులో అయిపోయింది. మూడో ఆయన రిటైరైన లారీ డ్రైవరు, ఒక కన్ను మూసి బండిని వెనక నుంచి చూసి, చాసిస్ వంగిందని తేలుస్తాడు. ముందు చక్రం గుయ్యిమంటోందని నాలుగో ఆయన బేరింగు మీద నేరం మోపుతాడు. ముందు టైరు బటన్లు, అంటే గాళ్ల మధ్య రబ్బరు ముక్కలు, ఒక వైపు ఎత్తుగా, ఇంకో వైపు పల్లంగా రంపపు పళ్లలా అరిగితే వచ్చే రాగం అది. ఎవరికి కావాలి! నల్ల బండి శనివారం కొన్నావా అని ఇంకొకరు ఆరా తీస్తారు. నిమ్మకాయలు కడతారు. ఇవన్నీ అయ్యాక గోటి స్వామి గంభీరంగా లేచి వెనక టైరు అంచులు చూపిస్తాడు. నడుమ అరిగింది, అంచుల్లో రబ్బరు కొత్త పెళ్లికూతురిలా మెరిసిపోతోంది. రోగం అక్కడ రాసిపెట్టి ఉంది. స్వామి చదివింది వేరు. "ఏటి బాబూ, అంచులు ముట్టుకోనే లేదు! భయమేటి? పడుకోబెట్టాల బండిని!" చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతారు. వీరుడు సిగ్గుతో కుంగిపోయి, మగతనం నిరూపించుకోవడానికి ఆ మెట్లు కట్టిన టైరుతోనే, నిమ్మకాయలతో సహా, ఘాట్ దిగడానికి బయల్దేరతాడు.

రైడరును కూడా పూర్తిగా అనలేం. టైరు ఒక్కరోజులో చెడదు. ఇవాళ కాస్త, రేపు కాస్త, చేతులు దానికి అలవాటుపడిపోతాయి. కొత్త టైరు వేయించిన రోజున "అబ్బ, బండి కొత్తదైపోయింది!" అని ఆశ్చర్యపోతాడు. అదీ మెకానిక్ హస్తవాసి ఖాతాలోకే పోతుంది.

గీతలు నిండుగా ఉన్న టైరు కూడా ముసలిది కావచ్చు. టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది. 2316 అంటే 2016వ సంవత్సరం 23వ వారంలో పుట్టిందని. అయిదేళ్లు దాటితే ఏటా చూపించుకోమని, పదేళ్లకు ఎంత బాగున్నా తీసేయమని తయారీదారులే చెబుతారు. రబ్బరు గట్టిపడితే గాడి లోతు ఎంతున్నా తడి రోడ్డు మీద దాని పట్టు అంతంత మాత్రమే. జాతకాల్లో పుట్టిన ఘడియ, విఘడియ అడిగే మన జనం టైరు పుట్టిన ఏడాది మాత్రం అడగరు.

సరే, ఇంతవరకూ ఎవరి డబ్బు వాళ్లది, ఎవరి ఎముకలు వాళ్లవి.

కొత్త టైరు వేయించుకున్న పెద్దమనిషి పాతదాన్ని ఏం చేస్తాడు? దానం చేస్తాడు. "గీతలున్నాయి, పారేయడమెందుకు, మన గుంటడి బండికి ఎక్కించండి." ఆ గుంటడు కొట్లో సరుకులు మోసేవాడు. వాడిది చిన్న బండి, సన్నటి రిమ్ము. దానికి ఈ వెడల్పాటి టైరును కుక్కితే పక్కలు నొక్కుకుపోయి, మిగిలిన ఆ కాస్త ఆకారమూ చెడుతుంది. గొలుసుకు రాసుకుంటుంది. అయినా వాడు మురిసిపోతాడు, పెద్ద బండి టైరు కదా! గీతలు బొత్తిగా పోయినా వదలరు. వేడి ఇనుముతో కొత్త గాళ్లు కోసి, నల్ల పాలిష్ పట్టించి అమ్మేవాళ్లున్నారు. లారీ టైర్లలో కొన్నిటికి అందుకోసమే అదనపు రబ్బరు పోసి, అలా కోయవచ్చని ముద్ర వేస్తారు. బైకు టైరులో గాడి కింద మిగిలేది పలచటి పొర, ఆ కింద దారాలు. ఆ పొరను కోసేవాడికి ఇది తెలుసు. కొని గుంటడికి తగిలించేవాడికీ తెలుసు. తెలియనిది ఒక్క గుంటడికే.

ఆషాఢంలో, పొట్టంగి దాటాక ఎదుట మనిషి కనపడని మంచులో, వెనక సీటుకు నూనె డబ్బాలు కట్టుకుని వాడు వెళ్తాడు. రాత్రిలోపు రాకపోతే జీతం కోస్తామని చెప్పింది ఈ దాతే. వాడు పడితే? "కుర్రాడికి స్పీడెక్కువండీ" అంటారు. కాగితాల్లోనూ అతివేగమనే రాస్తారు. అందులో టైరు ఊసు ఉండదు, దాత పేరు ఉండదు. తన బండికి పనికిరాదని తీసేసిన వస్తువు ఇంకొకరి బిడ్డ కింద పెట్టడాన్ని ఏ ఊళ్లో పొదుపంటారు? సిగ్గు లేకపోతే సరి, దానికి దయ అని పేరు కూడానా!

వాడి బండికి సరిపడే కొత్త టైరు రెండు మూడు వేలకు వస్తుంది. అది కొనివ్వండి. పాతదాన్ని మళ్లీ ఏ చక్రానికీ ఎక్కకుండా పక్కన అడ్డంగా కత్తితో కోసి పారేయండి. కోస్తుంటే ఎవరైనా "అయ్యో, గీతలున్నాయి కదండీ" అని చెయ్యి పట్టుకుంటే, ఆ టైరు ఆయన బండికే బిగించమని చెప్పండి.