చీర తిప్పి చూసేవారే పోచంపల్లికి కావాలి

2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల జాబితాలో చేర్చినప్పటి నుంచి పోచంపల్లి గురించి ఎవరు మాట్లాడినా పర్యాటకుల మాటే. ఎంతమంది వస్తారు, ఏం చూపించాలి, ఎక్కడ ఉంచాలి? బజారులో దుకాణం తెరిచి కూర్చున్నవారి లెక్క వేరు. ముందు వినాల్సింది ఆ లెక్కనే.

ఆదివారం హైదరాబాద్ నుంచి కారులో వచ్చేవారికి ఇది ఒక పూట విహారం. వినోబా మందిరం, మగ్గం ముందు ఫొటో, రెండు దుకాణాల్లో బేరం. వ్యాపారి మనసులో పట్టు ధర, నేతన్నకు ఇవ్వాల్సిన కూలి, షోరూంల నుంచి రావాల్సిన బాకీ ఉంటాయి. ముహూర్తాల నెలల్లో నాలుగు చీరలు ఎక్కువ అమ్మితేనే మూఢంలో మగ్గం ఆడుతుంది.

తేడా బయటపడేది ధర దగ్గరే. ‘ఇదే డిజైన్ సిటీలో సగం ధరకే ఇస్తున్నారు కదా’ అని అడుగుతారు. వాళ్లది అబద్ధం కాదు. సిటీలో చూసింది మిల్లు బట్ట మీద అచ్చు వేసిన ఇక్కత్ డిజైన్. పోచంపల్లిలో నేయకముందే నూలుకు రంగు పడుతుంది. డిజైన్ లెక్క ప్రకారం చిటికి కట్టి, అంటే రంగు అంటకూడని చోట పోగులను బిగించి కట్టి, రంగులో ముంచి, విప్పి, మరో రంగుకు మళ్లీ కడతారు. డబుల్ ఇక్కత్ అయితే నిలువు పోగులైన పడుగుకూ అడ్డపోగులైన పేకకూ ఇదే శ్రమ. మగ్గం మీద రెండింటి రంగులూ కలవాల్సిన చోటే కలవాలి. అందుకే తిప్పి చూసినా రంగు అంతే నిండుగా ఉంటుంది. అచ్చు బట్ట వెనకవైపు వెలవెలబోతుంది. వ్యాపారి చూసేది ఆ వెనకవైపే. ఫొటోలో అది పడదు.

పర్యాటకుల వల్ల దళారీ లేకుండా అమ్ముకోవచ్చంటారు. కొన్ని ఇళ్ల వరకు నిజమే. కానీ పట్టుచీరలు కొనేది పెళ్లివారు. ఫొటోలకు వచ్చినవారు ఓ దుపట్టాతో సరిపెట్టుకుంటారు.

పోచంపల్లి ఇక్కత్‌కు, ఆ పేరును ఆ ప్రాంతపు సరుకుకే పరిమితం చేసే భౌగోళిక గుర్తింపు వచ్చి ఇరవై ఏళ్లయింది. ఆ పేరును తప్పుగా వాడితే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు అని 1999 నాటి చట్టం చెబుతోంది. అయినా అచ్చు బట్ట ‘పోచంపల్లి’ పేరుతోనే పట్టపగలు అమ్ముడవుతోంది. గద్వాల, నారాయణపేట చీరలకూ గుర్తింపు ఉంది, వాటినీ కాపాడే నాథుడు లేడు. గుర్తింపు పత్రం తెచ్చేదాకా ఉన్న హడావిడి, దాన్ని అమలు చేసే దగ్గర ఏ ప్రభుత్వానికీ ఉండదు. చేనేత మొత్తాన్నీ తినేస్తున్న జబ్బు ఇదే.

సుందరీకరణకు పెట్టే డబ్బులో కొంత తనిఖీలకు మళ్లించండి. హైదరాబాద్ దుకాణాల్లో చీర తిప్పి చూసే అధికారులను పెట్టండి. పోచంపల్లి బజారు మొదట్లో నేసిన చీరనూ అచ్చు చీరనూ పక్కపక్కన వేలాడదీసి, వచ్చినవారితో రెండింటినీ తిప్పించండి. బేరం ఆ తర్వాత చేసుకోవచ్చు.