నామినీ గడికి ఒక మాజీ డాక్టరు విన్నపం

బీమా, బ్యాంకు ఫారాల్లో "నా తర్వాత డబ్బు ఎవరి చేతికి" అని అడిగే మహారాజశ్రీ నామినీ గడి గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. ఇరవై రెండేళ్లు జనం నాడి పట్టుకుని, ఇప్పుడు బీమా ఏజెంటుగా వాళ్ల చేత సంతకాలు పెట్టించుకుంటున్న ఒకానొక ఎండీ రాసుకునే విన్నపం.

ఎన్ని మరణ ధ్రువపత్రాల మీద సంతకం పెట్టానో లెక్కలేదు. ఆ కాగితం ఆస్పత్రి గేటు దాటాక ఎక్కడికి పోతుందో ఏనాడూ అడగలేదు. ఒక రాత్రి ఐసీయూ బయట ఒక ఇల్లాలు, "ఆయన ఏదో పాలసీ కట్టేవారండీ, ఎక్కడ పెట్టారో తెలియదు" అంది. గుండె ఎందుకు ఆగిందో చెప్పగలిగాను. దీనికి మాత్రం నోరు పెగల్లేదు. ఆ తర్వాతే బీమా ఏజెంటు పరీక్షకు చదివే ఐసీ-38 పుస్తకం కొన్నాను.

మా అమ్మ ఇప్పటికీ చుట్టాలతో "మావాడు డాక్టరే" అంటోంది. తప్పు పట్టను. మెడలో స్టెతస్కోపు ఉన్నప్పుడు లేచి నిలబడ్డవాళ్లే, చంకలో ఫైలు చూడగానే "నాన్న ఊళ్లో లేరు" అని పిల్లల చేత చెప్పిస్తున్నారు. గుండెలో మూడు పూడికలున్నాయంటే చేతులు జోడించేవారు. వీలునామా రాశారా అంటే "శుభం పలకరా మంకెన్నా" అంటూ సామెత అందుకుంటున్నారు.

మీ ఇరుగుపొరుగు గడులు, ఆ ఆరోగ్య ప్రశ్నలు, మరీ విచిత్రం. నా దగ్గర తొమ్మిదేళ్లు షుగరు మందులు రాయించుకున్న పెద్దమనిషి మొన్న అన్నిటికీ "లేదు" అని టిక్కు పెట్టారు. ఓపీలో అరికాళ్ల మంటలు అరగంట వర్ణించిన మనిషే! "మీ మందుల చీటీ రాసింది నేనే కదండీ" అన్నాను. "అది డాక్టరు గారికి చెప్పిన మాట. మీరు ఏజెంటు కదా" అన్నారు. పాలసీకి మూడేళ్లు నిండితే బీమా చట్టం 45వ సెక్షను ప్రకారం ఎవరూ ప్రశ్నించలేరని ఎవరో నూరిపోశారట. ఈలోగా పోతే ఏమవుతుందో ఆ మహానుభావుడు చెప్పలేదు. ఫారం చింపేశాను. కమిషనూ దాంతోపాటే చిరిగింది.

ఇక తమరి లీలలు. బ్యాంకు డిపాజిట్టులో మీరు వారసుల తరఫున డబ్బు అందుకునే కాపలాదారు. జీవిత బీమాలోనూ అంతేనని సుప్రీంకోర్టు 1984లో సర్బతీ దేవి కేసులో తేల్చింది. బీమా చట్టానికి 2015 సవరణ వచ్చాక మాత్రం తల్లిదండ్రులో, భార్యో, భర్తో, పిల్లలో నామినీ అయితే బీమా డబ్బు వాళ్లదే. ఒకే బీరువా, ఒకే భార్య పేరు: ఒక కాగితంలో యజమానురాలు, పక్క కాగితంలో వాచ్‌మన్. ఇంత మాయ చేసే మిమ్మల్ని ఉద్యోగంలో చేరిన రోజు తండ్రి పేరుతో నింపి మరిచిపోతారు. పెళ్లవుతుంది, పిల్లలు పుడతారు, ఇల్లు మారుతుంది, బండి మారుతుంది. మీరు మారరు.

నిన్న రాత్రి నా బాండు తీశాను. హౌస్‌సర్జన్‌గా ఉండగా మామయ్య మొహమాటపెట్టి కట్టించిన పాలసీ. మీలో నాన్న పేరు, నా గుండ్రటి చేతిరాతలో. నాన్న పోయి ఆరేళ్లు. మార్పు ఫారం అన్నం బల్ల మీద పెట్టుకుని కలం తీశాను.

"ఎవరి పేరు రాస్తున్నారు?" అంది మా ఆవిడ.

"నీదే."

"శుభమా అని భోజనం దగ్గర ఆ మాటలేమిటి!" అని ఫారం పక్కకు లాగి, దాని మీదే చారు గిన్నె పెట్టింది.

ఇట్లు,
కొత్త ఫారం కోసం మళ్లీ ఆఫీసుకు వెళ్లవలసిన
తమ విధేయుడు