దురద ఎందుకో చూడకుండానే సూదులా?

మూడు నెలలుగా అమ్మకు దురద. పగలు ఎలాగో ఓర్చుకునేది. రాత్రి పడుకుంటే వేళ్ల సందుల్లో, మణికట్ల మీద, నడుము చుట్టూ రక్తం వచ్చేదాకా గోక్కునేది. ఎవరో చెబితే కూకట్‌పల్లిలో, ఒంటికి సన్నని సూదులు గుచ్చి వైద్యం చేసే ఒక ఆక్యుపంక్చర్ కేంద్రానికి తీసుకెళ్లాను. నాడి పట్టుకుని "రక్తంలో వేడి చేరింది" అన్నారు. పది సిట్టింగులు, డబ్బంతా ముందే కట్టాలి. అమ్మ చేతులను వెలుతురులో పెట్టి చూసినవాళ్లు లేరు. ఇంట్లో ఇంకెవరికైనా దురద ఉందా అని అడిగినవాళ్లూ లేరు. పైగా పూతమందులన్నీ ఆపేయమన్నారు.

ఆరో సిట్టింగు నాటికి మా అబ్బాయికి, నాకు కూడా మొదలైంది. అప్పుడు చర్మవైద్యురాలి దగ్గరికి పరుగెత్తాం. ఆవిడ భూతద్దంతో అమ్మ వేళ్ల సందులు చూసి, రెండు ప్రశ్నలు అడిగి తేల్చేశారు: గజ్జి. కంటికి ఆనని పురుగు చర్మంలో సొరంగం తవ్వి గుడ్లు పెడుతుంది. దాన్ని ఏ సూదీ చంపలేదు. 5 శాతం పెర్మెత్రిన్ క్రీము మెడ నుంచి అరికాళ్ల దాకా రాత్రి రాసుకుని పొద్దున కడుక్కోవాలి. ఇంటిల్లిపాదీ ఒకే రోజు రాసుకోవాలి, వారం తర్వాత మళ్లీ ఒకసారి రాయాలి. దుప్పట్లు వేడినీళ్లలో ఉతకాలి. పురుగు చచ్చాక కూడా దురద కొన్ని వారాలు ఉండవచ్చని ముందే చెప్పారు, అదెంత ధైర్యమో!

ఆక్యుపంక్చర్ మీద నాకు పగ లేదు. 2010లో జర్మనీలో 30 మంది ఎగ్జిమా (చర్మం ఎండి దురదపెట్టే జబ్బు) రోగుల మీద చేసిన పరీక్షలో, అలర్జీ రేపినప్పుడు వచ్చే దురద సూదులతో కొంత తగ్గింది. 2023లో చైనాలో 330 మంది దీర్ఘకాల దద్దుర్ల రోగులను చూస్తే, ఉత్తుత్తి సూదులకన్నా అసలు సూదులు కాస్త మేలనిపించాయి, కానీ రోగికి తెలిసేంత తేడా లేదు. ఎగ్జిమాకు మందులు వాడుతూ దీన్నీ తోడు చేసుకుంటామంటే నేను అడ్డు చెప్పను. స్టెరాయిడ్ క్రీములు ఎడాపెడా రాసి తామరను ముదరబెట్టుకున్నవాళ్లు మందులంటే భయపడి ఇటు రావడమూ అర్థం చేసుకోగలను. కానీ దురద ఒక్కో ఒంట్లో ఒక్కో కారణంతో వస్తుంది. కిడ్నీ, కాలేయం, థైరాయిడ్ చెడినా చర్మం మీద మచ్చయినా లేకుండా దురద పుడుతుంది. ఏదో తేల్చకుండా మందులు ఆపించడం ఏ వైద్యం?

మిగిలిన నాలుగు సిట్టింగుల డబ్బు అడగడానికి, అది గజ్జి అని చెప్పడానికి ఆ కేంద్రానికి వెళ్లాను. డబ్బు ఇవ్వలేదు. అమ్మ పడుకున్న బల్ల మీదే, అదే నీలం అంచు దుప్పటి మీద ఒక పెద్దాయన బోర్లా పడుకుని ఉన్నారు, వీపు నిండా సూదులతో.