అరికాలి మంటకి మరిగే ఉప్పు నీళ్ళట!

ఆ వాట్సాప్ మెసేజ్ మళ్ళీ వచ్చింది. విశాఖ ఎంవీపీ కాలనీ వాకింగ్ గ్రూపులో ఒకసారి, అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒకసారి, పెళ్ళి సంబంధాల గ్రూపులో ఎందుకో ఇంకోసారి. "పాదాల మంటలు, తిమ్మిర్లు: డాక్టర్లు దాచే రహస్యం" అని శీర్షిక. పక్కన నిప్పు కణికలా వెలుగుతున్న పాదం బొమ్మ. కింద ఎనిమిది సూత్రాలు, ఒక్కోదానికీ రెండేసి దండాలు. పంపినవాళ్ళది చెడ్డ ఉద్దేశం కాదు, సరే. కానీ ఆ గ్రూపుల్లో షుగర్ మాత్ర లేని ఇల్లు వెతుక్కోవాలి. అందుకే ఈసారి దండం పెట్టి వదిలేయకుండా, ఒక్కో సూత్రానికీ జవాబు.

మొదటిది: "అరికాళ్ళు మండుతున్నాయంటే బి12 లేనట్టే, పది ఇంజెక్షన్లు చేయించుకోండి." బి12 తగ్గితే మంటలు వస్తాయి, నిజమే. మలేరియాకి జ్వరం వస్తుంది, అదీ నిజమే. అలాగని ప్రతి జ్వరానికీ మలేరియా మందు మింగం కదా. ముందు అడగాల్సిన ప్రశ్న: ఒక కాలా, రెండు కాళ్ళా? రెండింటిలోనూ వేళ్ళ కొసల దగ్గర మొదలై, మేజోళ్ళు తొడిగినట్టు పైకి పాకుతూ, రాత్రి పక్క ఎక్కాక ఎక్కువవుతుంటే అది ఒంట్లోని సమస్య. మొదటి అనుమానం షుగర్ మీద. తర్వాత బి12, థైరాయిడ్, కిడ్నీ, తాగుడు. టీబీకి ఇచ్చే ఐసోనియజిడ్, కొన్ని కీమో మందులు కూడా ఇదే పని చేస్తాయి.

ఒక్క కాలే అయితే ఎక్కడో ఒకచోట నరం నలుగుతోందని అనుమానించాలి. ఆ చోటు వెతకడానికి స్కానింగ్ కంటే ముందు వేలు పనికొస్తుంది. లోపలి చీలమండ ఎముక వెనక, మడమ వైపు రెండు వేళ్ళ వెడల్పు జాగా ఉంటుంది. అరికాలికి వెళ్ళే టిబియల్ నరం అక్కడే, రక్తనాళాలతోనూ మూడు స్నాయువులతోనూ ఇరుక్కుని, పైన గట్టి పట్టీ లాంటి పొర కింద నుంచి దూరి వెళ్తుంది. అక్కడ వేలి కొసతో టకటకా తట్టండి. అరికాల్లోకో వేళ్ళలోకో కరెంటు కొట్టినట్టు పాకితే నరం అక్కడ నలుగుతూ ఉండొచ్చు. పాదాన్ని పైకీ బయటి వైపుకీ వంచి, వేళ్ళు కూడా పైకెత్తి పది సెకన్లు పట్టుకోండి. మంట మొదలైతే అనుమానం బలపడినట్టే. దీన్నే టార్సల్ టన్నెల్ సిండ్రోమ్ అంటారు. చదును పాదం, పాత ఫ్రాక్చర్, ఉబ్బిన సిరలు, అక్కడే పెరిగిన గడ్డ, ఇవన్నీ కారణాలే. గాజువాక వైపు కాంక్రీటు మీద షిఫ్టంతా నిలబడేవాళ్ళకి ఇది సాయంత్రానికి ముదురుతుంది. అరికాలి వంపుకి ఊతమిచ్చే ఇన్‌సోల్, కొన్ని వారాలు నిలబడటం తగ్గించడం, ఫిజియోథెరపీ ముందు. ఆపరేషన్ ఆ తర్వాతి మాట. గడ్డ లాంటిది కచ్చితంగా కనిపించినప్పుడు ఆపరేషన్ ఫలితం మెరుగ్గా ఉంటుంది.

మూడు, నాలుగు వేళ్ళ మధ్య మంట, చెప్పులో గులకరాయి ఉన్నట్టు అనిపించడం అయితే అది మార్టన్ న్యూరోమా, అంటే వేళ్ళ మధ్య నరం నలిగి లావెక్కడం. ముందు ఇరుకు బూటు మానండి. ప్యాడ్ పెట్టుకునేవాళ్ళు నొప్పి ఉన్నచోటే పెట్టి, పని చేయలేదంటారు. దాన్ని నొప్పికి కాస్త వెనక, మడమ వైపు పెట్టాలి. ఎముకలు విడివడి నరానికి జాగా వస్తుంది. బొటనవేలికీ రెండో వేలికీ మధ్య పైభాగం మొద్దుబారితే బూటు లేసు వదులు చేసి చూడండి. కాలు మడత పడ్డాక పాదం పైన మంట మిగిలిపోతే, ఆ మెలికలో నరం సాగిందేమో చూపించుకోవాలి. పొద్దున్న మంచం దిగిన మొదటి అడుగుకి మడమలో మేకు దిగినట్టుండి, నాలుగడుగులకి సర్దుకుంటే అది సాధారణంగా నరం కాదు, మడమ కింది పొర వాపు. దగ్గితే తుంటి నుంచి కిందికి జివ్వుమంటే తప్పు నడుములో ఉంది, పాదానికి ఎంఆర్ఐ తీయించి డబ్బు పోసుకోకండి.

ఇంకొకటి, ఎవరూ పైకి అనడానికి ఇష్టపడనిది. ఒంటి మీద ఎక్కడైనా రంగు తగ్గి స్పర్శ లేని మచ్చ ఉండి, చీలమండ వెనక నరం తాడులా లావుగా తగిలితే కుష్టు పరీక్ష చేయించుకోవాలి. మందు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. తొందరగా మొదలుపెడితే కాలు నిలబడుతుంది.

ఆ పది ఇంజెక్షన్ల మాటకొస్తే, రక్తం ఇవ్వకముందే పొడిపించుకుంటే తర్వాత చేసే బి12 పరీక్ష ఎందుకూ పనికిరాదు. ముందు రక్తం, తర్వాత సూది. పైగా మూడు రకాల బి కాంప్లెక్స్ కలిపి మింగేవాళ్ళు డబ్బీ వెనక పైరిడాక్సిన్, అంటే బి6, ఎన్ని మిల్లీగ్రాములో కూడి చూడాలి. బి6 రోజుకి 100 మిల్లీగ్రాములు దాటి నెలల తరబడి పోతే అదే నరాల్ని చెడగొడుతుంది. మంటకని మింగిన మాత్రే మంట తెస్తుంది.

రెండోది: "రోజూ ఒక డైక్లోఫెనాక్." వాపు నొప్పులకి వాడే ఆ మాత్ర నరం నొప్పికి దాదాపు పని చేయదు, షుగర్ ఉన్నవాళ్ళ కిడ్నీ మీద మాత్రం బాగా పని చేస్తుంది. ఈ నొప్పికి వాడేవి వేరు: రాత్రిపూట అమిట్రిప్టిలిన్ 10 మిల్లీగ్రాములతో మొదలు, లేదా డులోక్సెటిన్ 30 నుంచి 60, లేదా ప్రిగాబాలిన్ 75 నుంచి మెల్లగా పైకి. గ్లకోమా, ప్రోస్టేట్, గుండె జబ్బు ఉంటే అమిట్రిప్టిలిన్‌తో జాగ్రత్త. కిడ్నీ బలహీనంగా ఉంటే ప్రిగాబాలిన్ మోతాదు తగ్గాలి. ఏదైనా డాక్టరు రాసిందే, సరైన మోతాదులో నాలుగు నుంచి ఆరు వారాలు చూడాలి. నాలుగు రోజులకే పని చేయలేదని మార్చేస్తే ఏ మందుకీ న్యాయం జరగదు.

ఇక మూడోది. ఈ జవాబు రాయించింది ఇదే. "భరించగలిగినంత వేడి నీళ్ళలో గుప్పెడు కల్లుప్పు వేసి 20 నిమిషాలు కాళ్ళు ముంచండి."

భరించగలిగినంత. ఎవరు భరించాలి? వేడి తెలియని కాలా? మంట తెలుస్తోంది కాబట్టి స్పర్శ బాగానే ఉందనుకుంటారు. ఆ మంట బయటి నుంచి వచ్చింది కాదు. దెబ్బతిన్న నరం తనంతట తాను పంపే తప్పుడు కబురు. రాత్రంతా మండే పాదానికి వేడి నీళ్ళు తెలియకపోవడం, గుచ్చుకున్న ముల్లు తెలియకపోవడం మామూలే. 44 డిగ్రీల నీళ్ళు చర్మాన్ని కాల్చడానికి గంటలు పడుతుంది. 49 డిగ్రీలైతే సుమారు పది నిమిషాలు. 60 డిగ్రీలైతే 5 సెకన్లు. గీజరు నీళ్ళు ఈ హద్దుల మధ్యే ఉంటాయి, పొయ్యి మీంచి దింపినవి ఇంకా పైన. 20 నిమిషాలన్న సలహా ఎవరి కాలు మీద ప్రయోగించి చెప్పారో ఆ మహానుభావుడే చెప్పాలి.

తర్వాత జరిగేది కూడా ఆ మెసేజ్‌లో లేదు. బొబ్బ లేస్తుంది, నొప్పి ఉండదు. మర్నాడు గచ్చు మీద తడి అడుగు కనిపిస్తే తప్ప తెలియదు. అదే కాలితో చెప్పులేసుకుని రైతు బజారుకి వెళ్తారు. పుండు పడుతుంది, చీము లోపలికి దిగి ఎముకను పడుతుంది. ఆ దశలో వేలు తీసేయాలనే మాట మొదలవుతుంది. ఉప్పు చేసే మేలు ఏమీ లేదు. చర్మాన్ని ఎండగొట్టి మడమ పగుళ్ళు పెంచుతుంది. నానిన వేళ్ళ సందుల్లో ఫంగస్ చేరుతుంది. హీటింగ్ ప్యాడ్, వేడి నీళ్ళ సంచి, ఐసు ముక్కలూ ఇదే కోవ.

స్పర్శ ఉందో లేదో ఇంట్లోనే చూడొచ్చు. కాళ్ళు చాపి కళ్ళు మూసుకోమనండి. మీ చూపుడు వేలి కొసతో, ఒక్కటి రెండు సెకన్లు, ఊరికే ఆనించండి. నొక్కకూడదు, గీకకూడదు. ముందు కుడి బొటనవేలు, తర్వాత కుడి చిటికెన వేలు, అలాగే ఎడమవి, చివర రెండు పాదాల నడిమి వేళ్ళు. తగలగానే కుడి, ఎడమ అని చెప్పాలి. "తెలిసిందా, తెలిసిందా" అని అడగొద్దు, రెండోసారి ముట్టుకోవద్దు. ఆరింటిలో రెండో అంతకంటే ఎక్కువో తెలియకపోతే ఆ పాదానికి రక్షణ లేనట్టే. స్నానం నీళ్ళు మోచేత్తో చూసుకోవాలి, లేదా ఇంట్లో ఇంకొకరు చూడాలి. వేళ్ళ సందులు పొడిగా తుడవాలి. మడమకి నూనె రాయండి, సందుల్లో వద్దు. రోజూ అద్దం పెట్టుకుని అరికాలు చూసుకోవాలి. ఒక పాదం ఉన్నట్టుండి వేడిగా, ఎర్రగా వాచి, నొప్పి మాత్రం పెద్దగా లేకపోతే ఆ కాలు మోపకుండా అదే రోజు కేజీహెచ్‌కో దగ్గర్లోని ఆసుపత్రికో వెళ్ళాలి. లోపల ఎముకలు దెబ్బతింటున్నా తొలి రోజుల్లో ఎక్స్‌రే బాగానే కనిపించి మోసం చేస్తుంది.

నాలుగోది: "ఆర్కే బీచ్ ఇసకలో ఎండపూట ఉత్త కాళ్ళతో నడిస్తే నరాలు మేలుకుంటాయి." మేలుకోవు, కాలుతాయి. గవ్వ పెంకులు, సీసా ముక్కలు అదనం. సింహాచలం గిరి ప్రదక్షిణకి కూడా ఇదే మాట. 32 కిలోమీటర్లు చెప్పుల్లేకుండా నడుస్తారు, భక్తి కాదనలేం. పైన చెప్పిన వేళ్ళ పరీక్షలో తప్పినవాళ్ళు మెత్తటి చెప్పులతో నడిస్తే అప్పన్న ఏమీ అనుకోడు.

ఐదోది: "నరం పక్కకి జరిగింది, చీలమండ దగ్గర గట్టిగా తొక్కించండి." నరం పక్కకి జరగదు. నలుగుతున్నదాన్ని ఇంకా నలపకండి.

ఆరోది: "పసుపు, కర్పూరం పట్టు." ఏమీ కాదు. పక్క దుప్పటి పాడవుతుంది.

ఏడోది: "మిరపకాయ నూనె రాయండి." దీన్ని చీల్చి చెండాడదామనే కూర్చున్నాం. కుదరలేదు. మిరపలోని క్యాప్సైసిన్ నిజంగానే నరం కొసల్ని అలసటకి గురిచేసి నొప్పి తగ్గిస్తుంది. షుగర్ నరాల నొప్పికి 0.075 శాతం క్రీము రోజుకి మూడు నాలుగుసార్లు రాయడం గుర్తింపు ఉన్న వైద్యమే. మొదటి వారం రెండు వారాలు మంట పెరుగుతుంది, చాలామంది అక్కడే వదిలేస్తారు. చేతులు కడుక్కోకుండా కళ్ళు తుడుచుకుంటే గుంటూరు ఎక్కడుందో తెలుస్తుంది. పగిలిన చర్మం మీద వద్దు. ఇంట్లో కాచిన నూనెలో ఎంత ఘాటుందో ఎవరికీ తెలియదు కాబట్టి క్రీమే కొనండి. కానీ మూల సంగతి మెసేజ్ సరిగ్గానే చెప్పింది, ఒప్పుకుంటున్నాం.

ఎనిమిదోది: "మెట్‌ఫార్మిన్ నరాల్ని తినేస్తుంది, ఆపేసి రాగి మెట్టె పెట్టుకోండి." సగం నిజం అబద్ధం కంటే మొండిది. షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్‌ని ఏళ్ళ తరబడి వాడితే పేగుల్లో బి12 పట్టడం తగ్గుతుంది. దానికి చేయాల్సింది బి12 పరీక్ష, తక్కువుంటే మాత్ర. మెట్‌ఫార్మిన్ ఆపితే షుగర్ పెరిగి, అసలు నరాల్ని తినేది అదే. ఇంకో తికమక ఉంది. చాలాకాలం ఎక్కువున్న షుగర్‌ని మూడు నెలల్లోనే గబగబా దించేస్తే, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 11 నుంచి 7కి పడినట్టు, మంటలు కొన్నాళ్ళు విజృంభించవచ్చు. "మందు మొదలుపెట్టాకే వచ్చింది" అనేవాళ్ళలో కొందరి కథ ఇదే. మందు ఆపకుండా డాక్టరుకి ఆ సంగతి చెప్పాలి.

రాగి మెట్టె ఇష్టమైతే పెట్టుకోండి. వదులుగా ఉండాలి. సాయంత్రానికి వేలు ఉబ్బి మెట్టె బిగుసుకుంటే సబ్బు నీళ్ళు రాసి తీసేయండి, చల్లటి నీళ్ళే.