కానో పేరు చెప్పి టీకాలు మాన్పించేవాళ్లకు

ఫ్యామిలీ గ్రూపులో మొదలై కాలేజీ గ్రూపు దాకా ఒకటే మెసేజ్. "1996లో నైజీరియాలో ఫైజర్ 200 మంది పిల్లల్ని చంపింది. ఆఫ్రికాలో అడిగే నాథుడు లేడు. ఎథిక్స్ కమిటీలంటే సంతకాల దుకాణాలు. పేదలనే వెతుక్కుంటారు. మీ పిల్లలకు టీకాలు వేయించకండి." కింద దండం బొమ్మ.

200 అనేది నైజీరియాలోని కానోలో ఫైజర్ చేసిన మందు ట్రయల్‌లో చేర్చుకున్న పిల్లల లెక్క. చనిపోయింది 11 మంది: ఫైజర్ కొత్త మందు ట్రోవాన్ ఇచ్చినవాళ్లలో 5, పాత మందు ఇచ్చినవాళ్లలో 6. అసలే మెనింజైటిస్ (మెదడు పొరల వాపు జబ్బు) ఊళ్లు తుడిచిపెడుతున్న రోజులు. ఇంతకీ ట్రోవాన్ టీకానే కాదు మహాప్రభో, యాంటీబయాటిక్! అసలు దారుణం మీ మెసేజ్‌లో లేనే లేదు. ఇది ప్రయోగమని తమకెవరూ చెప్పలేదని తల్లిదండ్రులు మొత్తుకున్నారు. ఎథిక్స్ కమిటీ, అంటే మనుషుల మీద ప్రయోగాలకు అనుమతిచ్చే కమిటీ, ఒప్పుకుందని ఆస్పత్రి పేరుతో ఉత్తరం చూపించారు, కానీ ఆ తేదీకి ఆ ఆస్పత్రిలో కమిటీయే లేదు.

టీకాలు మానేస్తే ఏమవుతుందో కూడా ఆ కానోనే చెప్తుంది. పోలియో చుక్కల్లో పిల్లలు పుట్టకుండా చేసే మందు కలిపారని పుకారు లేచింది, ట్రోవాన్ మీద రగులుతున్న కోపం దానికి తోడైంది, 2003లో కానో రాష్ట్రం చుక్కలే ఆపేసింది, అదీ ఏడాది దగ్గర దగ్గర. వైరస్ పోలియో పోయిందనుకున్న దేశాలకు మళ్లీ పాకి 2005కల్లా ఇండోనేషియా చేరింది. వాళ్లకు వాట్సాప్ కూడా లేదు పాపం, నోటిమాటతోనే ఇంత చేశారు.

అడిగే నాథుడు లేడా? క్లెమెంట్ ఆడెబమోవో అని నైజీరియాలోని ఇబాదాన్‌లో పనిచేసిన సర్జన్, రొమ్ము క్యాన్సర్ పరిశోధకుడు. పశ్చిమ ఆఫ్రికావాళ్లకు బయోఎథిక్స్ (వైద్యంలో, పరిశోధనలో ఏది న్యాయం అనే చదువు) శిక్షణ మొదలుపెట్టి, నైజీరియా జాతీయ పరిశోధన ఎథిక్స్ కమిటీ ఛైర్మన్‌గా పనిచేశారు. 2007లో ఆ దేశానికి సొంత ఎథిక్స్ కోడ్ వచ్చింది. ఈ కమిటీలు అడిగే ప్రశ్నలు చూడండి: చదువురాని తల్లికి ఆ ఫారం ఆమె భాషలో ఎవరు వివరిస్తారు? బిడ్డకు ఏదైనా అయితే వైద్యం ఖర్చు ఎవరిది? రక్తం శాంపిల్ దేశం దాటితే దాని మీద హక్కు ఎవరిది? దక్షిణాఫ్రికాలో శాన్ తెగవాళ్లయితే 2017లో పరిశోధకులకు తామే నియమాలు రాసిచ్చారు.

సంతకాల దుకాణాలన్న మాట పూర్తిగా కొట్టిపారేయను. ఈ శిక్షణకు చాలా డబ్బు అమెరికా ప్రభుత్వ సంస్థల నుంచే వచ్చింది, అది నాకూ ఇబ్బందిగానే ఉంది. పేదలనే వెతుక్కుంటారన్నదీ నిజమే, దానికి ఆఫ్రికా దాకా పోనక్కర్లేదు. 2009లో ఖమ్మం జిల్లాలో హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) ప్రాజెక్టులో హాస్టల్ అమ్మాయిల తరఫున వార్డెన్లు సంతకాలు పెట్టేశారు. తర్వాతి మరణాలకు టీకాతో సంబంధం కనబడలేదని విచారణలో అన్నారు, సరే, మరి ఆ సంతకాల సంగతి? అది రాసి పంపండి, నేనూ ఫార్వర్డ్ చేస్తాను.