శ్రీయుత జెయింట్ వీల్ గారి సముఖమునకు

విషయం: నెల్లూరు ఎగ్జిబిషన్‌లో 11వ నంబరు తొట్టిని నింగికీ నేలకూ మధ్య ఒక గంటా ఇరవై నిమిషాలు నిలిపి ఉంచుట గురించి.

సూచిక: 1. తమరి టికెట్లు రెండు, ఒక్కొక్కటి 80 రూపాయలు. 2. తమరి మనిషి నోటిమాట, "ఐదు నిమిషాలు సార్", మొత్తం పద్నాలుగు పర్యాయాలు.

అయ్యా,

ముప్పై నాలుగేళ్ళు రెవెన్యూ ఆఫీసులో కాగితాలు నడిపి నిరుడు రిటైరైనవాణ్ణి. విషయం, సూచిక లేకుండా పాలవాడికి చీటీ కూడా రాయలేను. అలవాటు, మన్నించండి.

మూడో తరగతి చదివే మా మనవరాలు ఆ సాయంత్రం ఢిల్లీ అప్పడం తిన్నది, పీచు మిఠాయి తిన్నది, మరణబావిలో మోటారు సైకిలు గోడెక్కడం చూసింది. చివరికి తమరి ముందు నిలబడి మెడ వెనక్కి వంచింది. నేను వద్దన్నాను. ఏడ్చి ఉంటే ఏదో ఒకటి కొనిపెట్టి తప్పించుకునేవాణ్ణి. అది ఏడవలేదు. "మా తాతయ్యకు భయం" అని క్యూలో ఉన్నవాళ్ళందరికీ వినబడేలా ప్రకటించింది. ఎక్కాను.

టికెట్టు వెనుక సన్నని అక్షరాల్లో "ప్రమాదములకు యాజమాన్యం బాధ్యత వహించదు" అని ఉంది. ఎక్కే ముందు చదవలేదు. పైకి వెళ్ళాక చదవడానికి తమరు కావలసినంత తీరిక కల్పించారు.

రెండు చుట్లు సవ్యంగానే తిప్పారు, అబద్ధమెందుకు. మూడో చుట్టులో మా తొట్టి సరిగ్గా శిఖరానికి చేరినప్పుడు కింద తమరి ఇంజను రెండుసార్లు దగ్గింది. ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చుకుంది. తర్వాత పలకలేదు. దీపాలు మాత్రం ఆరలేదు. వాటికి వేరే జనరేటరు ఉందట. అందువల్ల కిందనుంచి చూసేవాళ్ళకు తమరు ధగధగ మెరుస్తూ, కొత్తవాళ్ళను ఎక్కించుకోవడానికి కాసేపు ఆగినట్టే కనిపించారు. టికెట్ల కిటికీ దగ్గర అమ్మకం ఒక్క క్షణం కూడా ఆగలేదు.

మొదటి "ఐదు నిమిషాలు" అప్పుడు వినిపించింది. మెడలో విజిల్, చేతిలో టార్చిలైటు ఉన్న మీ సూపర్‌వైజరు పైకి చూసి అయిదు వేళ్ళు చూపించాడు. నేను నమ్మాను. ఆ మాట విలువ తెలిసిన నేనే నమ్మానంటే భయం మనిషిని ఎంతకు దిగజారుస్తుందో ఆలోచించండి.

కింది రెండు తొట్లలో ఉన్నవాళ్ళు ఈలోగా నేలమీదికి దూకి, దులుపుకొని, బజ్జీల బండి వైపు వెళ్ళిపోయారు. వాళ్ళలో ఒక్కడైనా వెనక్కి తిరిగి పైకి చూడలేదు. నిజానికి ఆఫీసులో పనైపోయినవాడు కూడా అంతే, బయట బల్ల మీద కూర్చున్నవాళ్ళ మొహం చూడకుండానే మెట్లు దిగుతాడు.

మా తొట్టిలో ఎదురుగా ఒక పెద్దాయన, ఆయన మనవడు. తెల్ల పంచె, భుజం మీద కండువా. తమరు ఆగిన క్షణం నుంచి నేను ఇనుప కడ్డీని వదల్లేదు. ఆయన మాత్రం పొట్లం విప్పి ఉడకబెట్టిన వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. ఒలిచిన గింజలు పిల్లలిద్దరికీ పెడుతున్నాడు, పొట్టు కింద వాళ్ళ మీద పడకుండా మళ్ళీ పొట్లంలోనే వేస్తున్నాడు.

"కంగారు పడకండి సార్. ఇంజనుకు గాలి పట్టింది" అన్నాడు.

"మీకెలా తెలుసు?"

"బావి మీద నలభై ఏళ్ళు ఆయిలింజను నడిపాను. డీజిలు అడుగంటేదాకా తిప్పారు. గొట్టంలోకి గాలి చేరింది. వినండి, ఆ కుర్రవాడు డీజిలు పోసి తిప్పుతూనే ఉన్నాడు, అంటుకోదు. ఫిల్టరు మీద స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొట్టి, బుడగలన్నీ పోయి వట్టి డీజిలు కారేదాకా గాలి తీయాలి. తెలిసినవాడికి అయిదు నిమిషాల పని."

ఆ అయిదు నిమిషాలు నిజమైనవని నాకు తోచింది. అవి మాత్రం పైన ఉన్నాయి, ఇంజను కింద ఉంది.

చేత్తో తిప్పి దించవచ్చు కదా అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "తక్కెడ చూశారు కదా. ఎదురెదురు తొట్లలో సమంగా జనాన్ని ఎక్కించి తిప్పుతారు. కిందివాళ్ళు దూకేశారు, కింద ఖాళీ, పైన మన బరువు. ఇప్పుడు బ్రేకు వదిలితే మనం ఒక్క ఊపున కిందికి పోతాం. దిగడమైతే దిగుతాం." మా మనవరాలు ఆనందంగా "దిగుదాం తాతయ్యా" అంది.

తర్వాత ఆయన నన్ను కాసేపు తేరిపార చూశాడు. మీ ఎర్రదీపం ఒకటి మా ఇద్దరి మొహాల మీద వెలిగి ఆరుతోంది. ఆరినప్పుడు నేను ధైర్యంగా ఉన్నాను. వెలిగినప్పుడు ఆయన అడిగాడు.

"తమరు ఫలానా ఆఫీసులో కిటికీ పక్క సీటు కదూ?"

కాదనాలని ఉంది. మనిషి పారిపోవడానికి వీల్లేని స్థలాన్ని కట్టడంలో తమరిని మించినవారు లేరు. అవునన్నాను.

ఆయనది కలిగిరి వైపు మెట్ట పొలం, నాలుగెకరాలు. చుక్కల భూమి. తమరు ఊరూరా తిరిగేవారు కనుక తెలియకపోవచ్చు, చెబుతాను. తెల్లవాళ్ళ హయాంలో రీసెటిల్‌మెంట్ రిజిస్టరు రాసినప్పుడు, యజమాని ఎవరో తేలనిచోట పట్టాదారు పేరుండవలసిన గడిలో చుక్కలు పెట్టి వదిలేశారు. రాసినవాడి కలం ఆ తర్వాత ఎండిపోయింది, వాడు సీమకు వెళ్ళిపోయాడు, చుక్కలు మిగిలాయి. పొలం దున్నేవాడు నేల మీద ఉంటాడు, కాగితం మీద ఉండడు. అమ్ముకుందామంటే రిజిస్ట్రేషన్ కాదు, అప్పు పుట్టదు. 2017లో వీటి కోసమే ఒక చట్టం చేశారు. 2023 మే నెలలో మన జిల్లాలోనే, కావలిలో సభ పెట్టి, చుక్కల భూములకు విముక్తి అన్నారు. పెద్దాయన సర్వే నంబరు జాబితాలోకి వచ్చింది కూడా. దాని పక్కన ఉండవలసిన సబ్ డివిజన్ అక్షరం ఒక్కటి రాలేదు. 'బి'. ఆ ఒక్క అక్షరం కోసం ఆయన మా ఆఫీసుకు వచ్చాడు.

"రేపు రండి అన్నారు" అన్నాడు, నేరం మోపుతున్నట్టు కాదు, వాతావరణం చెబుతున్నట్టు.

"ఒకసారేనా?"

"లెక్క పెట్టుకోలేదు సార్. బస్సు టికెట్లు దాచిపెట్టాను, ఇంటికి వెళ్తే చెప్పగలను."

జీవోలో లేని అక్షరాన్ని నేనెలా రాస్తాను, పై ఆఫీసుకు రాయాలి, వాళ్ళు సర్వే వాళ్ళను అడగాలి, అని వివరించబోయాను. వివరణ సబబైనదే. కానీ అరవై మూడేళ్ళ వయసులో ఐదారంతస్తుల ఎత్తున, కింద పడకుండా పట్టుకున్న కడ్డీని వదలకుండా చెప్పినప్పుడు ఆ వివరణకు ఉండవలసిన గాంభీర్యం రాలేదు. పైగా ఆయన అడ్డు చెప్పకుండా వింటున్నాడు. మాకు అలవాటైన అర్జీదారులు అడ్డు చెబుతారు. అప్పుడు కోప్పడవచ్చు.

ఆయన తల పైకెత్తాడు. "ఎన్నేళ్ళో మాకు చుక్కలు చూపించారు. ఇవాళ కలిసి చూస్తున్నాం."

నిజంగానే ఆకాశం నిండా ఉన్నాయి. తమరి దీపాల వెలుగు మించి కనబడుతున్నాయంటే చూడండి.

అటు పెన్న ఒడ్డున రంగనాథస్వామి గాలిగోపురం, ఇటు స్వర్ణాల చెరువు నీళ్ళ మీద వీధిదీపాల గీతలు. ఆ చెరువును చూసి ఆయనకు రొట్టెల పండుగ గుర్తొచ్చింది. మొహర్రం నెలలో బారా షహీద్ దర్గా దగ్గర, కోరిక తీరినవాళ్ళు మరుసటి ఏడు రొట్టె తెచ్చి నీళ్ళలో నిలబడి ఇస్తారు, అదే కోరిక ఉన్నవాళ్ళు అందుకుంటారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, ఇంటి రొట్టె, వీసా రొట్టె.

"పాసుపుస్తకం రొట్టె కోసం రెండేళ్ళు వరసగా నీళ్ళలో నిలబడ్డాను సార్. ఇచ్చేవాళ్ళే కనబడలేదు."

నేను మాట మార్చి, ఆయన చేతిలోంచి నాలుగు వేరుశనగలు అడిగి తీసుకున్నాను.

తొమ్మిదో "ఐదు నిమిషాలు" నాటికి పక్క తొట్టిలో కొత్తగా పెళ్ళయిన జంట మాట్లాడుకోవడం మానేసింది. పదకొండో దానికి మళ్ళీ మొదలుపెట్టింది, ఈసారి గట్టిగా, ఎవరి పట్టుదల వల్ల ఎక్కవలసి వచ్చిందన్న అంశం మీద. నా వయసువాళ్ళకు గంట దాటితే వచ్చే ఇబ్బంది ఒకటుంది. బహిరంగ లేఖలో దాన్ని వివరించలేను. పెద్దాయన నాలుగుసార్లు కిందికి కేక వేశాడు. మైకులో పాట మోగుతోంది, ఎవరికీ వినబడలేదు. పాట ఆపండి అన్న కేక వినబడాలన్నా ముందు పాట ఆగాలి.

అప్పుడు నాకు నా వృత్తి గుర్తొచ్చింది. జేబులో పెన్ను ఉంది, రిటైరైనా జేబుకు పెన్ను పోదు. టికెట్టు వెనుక, యాజమాన్యం బాధ్యత వహించని చోటికి పక్కన, పెద్దాయన చెబుతుంటే రాశాను: "ఇంజనులో గాలి చేరినది. ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి చేతి పంపు కొట్టి గాలి తీయవలెను. అత్యవసరం." అలవాటు కొద్దీ కింద సంతకం, తేదీ. టికెట్టునూ, బరువుకు ఒక అయిదు రూపాయల బిళ్ళనూ కండువా కొసన ముడివేసి ఆయన వదిలాడు. కండువా విచ్చుకొని, గాలికి అటూ ఇటూ ఊగి, ఢిల్లీ అప్పడాల దుకాణం పందిరి మీద వాలింది. అప్పడాలవాడు కర్రతో లాగి, ముడి విప్పి, బిళ్ళ జేబులో వేసుకొని, కాగితం చదివాడు. అతడికి దండం పెట్టాలి. పిండి చేతులతోనే ఇంజను దగ్గరికి పరుగెత్తాడు.

నేను పెట్టిన కాగితం అదే రోజు కిందికి చేరి, అదే రోజు పనైపోవడం నా ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో జరగలేదు.

పెద్దాయన చెవి ఒగ్గి వింటున్నాడు. "పంపు కొడుతున్నాడు… ఇంకా బుడగలే… ఇప్పుడు తిప్పాలి." తిప్పారు. ఇంజను దగ్గింది, నల్ల పొగ ఒక్కటి ఊదింది, అందుకుంది. తమరు కదిలారు. సూపర్‌వైజరు పైకి చూసి బొటనవేలు చూపించాడు, ఇదంతా తానే చేసినట్టు. ఆ భంగిమ నాకు తెలుసు. కలెక్టరు గారు తనిఖీకి వచ్చినప్పుడు మేమూ అలాగే నిలబడేవాళ్ళం.

ఇంటికి వెళ్ళాక తమరి మీద ఫిర్యాదు చేద్దామని, ముందు తమరి వంశవృక్షం తయారు చేశాను. మాకు ఆ కాగితం లేనిదే ఫైలు తెరవబుద్ధి కాదు. మూలపురుషుడు 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనలో పుట్టాడు. కన్నవాడు ఫెర్రిస్ అనే వంతెనల ఇంజనీరు. ఎత్తు 264 అడుగులు, పెట్టెలు 36, పెట్టెకు 60 మంది, అంటే ఒకేసారి 2,160 మంది. యాభై సెంట్లు తీసుకొని రెండు చుట్లు తిప్పేవాడు, దానికి ఇరవై నిమిషాలు. అంతటి మహానుభావుణ్ణి 1906లో డైనమైటు పెట్టి పేల్చి పాత ఇనుముకు అమ్మేశారు. ఇది బెదిరింపు కాదు. సమాచార నిమిత్తం మాత్రమే.

నా క్లెయిము ఇది. టికెట్టుకు ఎనిమిది చుట్లని మీ మైకువాడు చెప్పాడు. ఆగే ముందు రెండున్నర తిరిగాం, ఇంజను అందుకున్నాక దించడానికి అర. మిగిలినవి అయిదు చుట్లు, ఇద్దరికీ కలిపి పది. దిగగానే సూపర్‌వైజరు "మిగతావి ఇప్పుడే తిరుగుతారా సార్?" అని మర్యాదగానే అడిగాడు. మనవరాలు ఊఁ అంది. నేను దాన్ని ఎత్తుకొని, వినయంగా అంటే వినయంగానే, పరుగెత్తాను. కనుక అది నా వైపు నుంచి వదులుకోవడం కిందికి రాదు, వాయిదా కిందికే వస్తుంది. కండువా ఇంకా పందిరి మీదే ఉందని గేటు దగ్గర పెద్దాయన గుర్తుచేశాడు. అప్పడాలవాడి దగ్గర అయిదు రూపాయలు కూడా ఉన్నాయి. వాటిని తమరి ఖాతాలో రాశాను.

ఇంకొక్క సంగతి. తమరికి సంబంధించినది కాదు, అయినా కాగితంలో ఖాళీ ఉంది కనుక రాస్తున్నాను. మరునాడు ఉదయం, నా తర్వాత కిటికీ పక్క సీటులోకి వచ్చిన అబ్బాయికి ఫోను చేశాను. పెద్దాయన పేరు, ఊరు, సర్వే నంబరు చెప్పి, 'బి' అక్షరం సంగతి వివరించాను. మంచి కుర్రవాడు, నేనే పని నేర్పాను. ఎంతో గౌరవంగా విన్నాడు. "ఐదు నిమిషాల్లో చూసి నేనే మీకు ఫోను చేస్తాను సార్" అన్నాడు.

ఇవాళ్టికి పదకొండు రోజులు.

ఇట్లు,
తమరి విధేయుడు,
11వ నంబరు తొట్టి, ఎడమవైపు సీటు